ఐమో రాసిన ఏడు వాక్యాలు

లండన్‌లో సీటు వచ్చిందని తెలిసిన రోజున హిల్లా ఇంట్లో ఎవరూ గంతులు వేయలేదు. ఉత్తరాది మంచుదేశంలో ఉన్న ఆ తూర్కు ఊళ్లో అలాంటి అలవాటు లేదు. అమ్మమ్మ వియెనో రెండోసారి కాఫీ కాచి, దాల్చినచెక్క బన్నులు బల్ల మీద పెట్టింది. ఆ ఇంట్లో పండగంటే అదే.

"అయితే లండన్ వెళ్తున్నావన్నమాట," అంది అమ్మమ్మ.

"గాల్వే వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు."

"లండన్ అంత ఊరొదిలి గాల్వే ఏంటే? అక్కడేముంది, వాన తప్ప?"

"వానతోపాటు నాక్కావాల్సిన చదువు కూడా ఉంది."

ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే ఎక్కడైనా చేయొచ్చు. కాని హిల్లా ఏడేళ్లు వచ్చేదాకా నాలుగు ఇళ్లూ ఒక దీపస్తంభమూ ఉన్న దీవిలో పెరిగింది. అలాంటి చోట్ల బతికినవాళ్లు రాసుకున్న కథలూ ఉత్తరాలూ చదవాలని ఆమె పట్టుదల. ఐర్లండ్ పడమటి ఒడ్డున ఉన్న గాల్వేలో గ్రాన్యా అనే ఆవిడ ఏడాది పొడుగునా అదే పాఠం చెబుతుంది. లండన్‌లో అన్నీ ఉన్నాయి, ఇది మాత్రం లేదు. పైగా శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా ఒప్పుకోకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని లండన్ వాళ్లు రాశారు.

గాల్వేకి దరఖాస్తు పెట్టింది జనవరిలో. దానికి గురువు ఎవరైనా సిఫారసు ఉత్తరం రాయాలి. హిల్లా ఐమోని అడిగింది. ఐమో ఇరవై ఎనిమిదేళ్లుగా తూర్కులో ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్నాడు. ఊరి పద్ధతి ప్రకారం విద్యార్థులంతా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు, భయపడటం మాత్రం మానరు. ఆయన నోట 'బాగుంది' అన్న మాట విన్నవాళ్లు లేరు. వ్యాసం అద్భుతంగా ఉంటే "సరే" అంటాడు. లేకపోతే అదీ అనడు.

ఒకరి గురించి చాటుగా రాయడం ఆయనకి గిట్టదు. అందుకని పంపేముందు ఉత్తరం హిల్లా చేతిలోనే పెట్టాడు. అందులో ఉన్నవి ఏడే వాక్యాలు.

'హిల్లా నా దగ్గర మూడేళ్లు చదివింది. చదవమన్న పుస్తకాలు చదివింది. చదవమని చెప్పని పుస్తకాలు కూడా చదివింది. ఆమె రాసినదాంట్లో కొట్టేయాల్సిన వాక్యాలు తక్కువ. ఆమె వ్యాసం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఆమె రాని రోజున తరగతి త్వరగా అయిపోయేది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.'

చదువుతుంటేనే హిల్లా చెవులు ఎర్రబడ్డాయి.

"ఐమో, ఇది మరీ ఎక్కువైంది. ఇంత పొగిడితే ఎవరు నమ్ముతారు? ఆ చివరి వాక్యమైనా తీసేయండి."

"ఉండనీ. ఒక్కసారికి ఏం కాదులే."

ఇద్దరూ ఇద్దరే. ఒకరేమో పొగడ్తలతో ముంచెత్తేశాననుకున్నారు, ఇంకొకరు మునిగిపోయాననుకున్నారు. ఆ ఉత్తరం అలాగే సముద్రం దాటింది.

మార్చి నెలలో, లండన్ గడువుకి మూడు రోజుల ముందు, గ్రాన్యా దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. 'మీ మార్కులు బాగున్నాయి. మీ వ్యాసం నాకు నచ్చింది. కాని మీ గురువుగారి ఉత్తరం చూసి మా కమిటీ వెనకాడుతోంది. మీ ఇద్దరికీ ఏదైనా గొడవ జరిగిందా? గురువారం మాట్లాడుకుందాం.'

హిల్లా దాన్ని మూడుసార్లు చదివింది. అమ్మమ్మకి వినిపించింది.

"గొడవా? అంత మంచి ఉత్తరం రాస్తే!" అంది అమ్మమ్మ. "ఇంకా ఏం రాయాలట?"

"మిగతావాళ్ల గురువులు 'నా జీవితంలో ఇలాంటి మేధావిని చూడలేదు' అని రాస్తారట."

"అందరి గురించీనా?"

"అందరి గురించీ."

"అయితే అక్కడ మేధావులకి కొదవే లేదన్నమాట." అమ్మమ్మ కాఫీ కప్పు పక్కన పెట్టింది. "ముప్పై ఏళ్లు మార్కెట్లో చేపలమ్మాను. నా చేప గొప్పదని ఒక్కనాడన్నానా? 'పొద్దున పట్టినవి' అనేదాన్ని. తెలిసినవాళ్లు ఇంకో మాటడక్కుండా కొనుక్కెళ్లేవాళ్లు."

"వాళ్లకి తెలీదమ్మమ్మా. వచ్చిన చిక్కే అది."

"తెలీకపోతే చెప్పు మరి. నోరుందిగా."

గురువారం హిల్లా వంటగది బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కూచుంది. అమ్మమ్మ ఏమీ పట్టనట్టు తలుపవతల చేరి, అల్లిక చేతబట్టుకుని ఒక్క కుట్టు కూడా వేయకుండా వింటోంది. తెర మీద గ్రాన్యా కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని నవ్వింది.

"చూడమ్మా, దాపరికం లేకుండా అడుగుతాను. 'ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.' మా ఊళ్లో ఎవరైనా ఇలా రాస్తే, పోలీసులకి చెప్పాల్సిందేమీ లేదని అర్థం. ఈయనకి నీమీద ఏదైనా కోపమా?"

హిల్లా రాత్రంతా కూచుని బట్టీ పట్టిన జవాబులన్నీ ఎగిరిపోయాయి. తన గురించి తాను గొప్పలు చెప్పుకోవడం ఆమెకి చేతకాదు. చేతనైంది ఒక్కటే, చదవడం.

"ఆ ఉత్తరం మీ ముందుందా? వాక్యం వాక్యం చదువుకుందామా?" అంది.

"కానీ."

"'చదవమని చెప్పని పుస్తకాలు కూడా చదివింది.' ఆ పుస్తకాలు ఆయన సొంతవి. తన అల్మరా తాళం నాకిచ్చారు. ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు, రాస్తే గొప్పలు చెప్పినట్టుంటుందని. 'కొట్టేయాల్సిన వాక్యాలు తక్కువ.' ఆయన తన సొంత పుస్తకంలోనే సగం కొట్టేశారు, అందుకే అది ఇంతవరకూ అచ్చుకాలేదు. 'ఆమె రాని రోజున తరగతి త్వరగా అయిపోయేది.' అంటే ఆయనతో వాదించేవాళ్లు ఆ రోజు లేరని."

"ఒకటి వదిలేశావు. 'ఆమె వ్యాసం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.'"

జనవరి నుంచీ హిల్లా ఆ వాక్యం మీదుగా వెళ్తూనే ఉంది, ఏనాడూ దాని దగ్గర ఆగలేదు.

"ఆయన ఎవరి వ్యాసమైనా రెండో రోజుకల్లా ఇచ్చేస్తారు," అంది నెమ్మదిగా. "ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క కాగితం పోగొట్టలేదని పేరు. నాది మాత్రం ఇవ్వలేదు. పారేసుకున్నారనుకున్నాను. ఏడాదిపాటు మనసులో తిట్టుకున్నాను కూడా. ఆయన పారేసుకోలేదు. దాచుకున్నారు."

సంతోషమూ సిగ్గూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. తలుపవతల అమ్మమ్మ గట్టిగా ముక్కు చీదింది.

గ్రాన్యా కళ్లజోడు కిందికి దించుకుని ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇన్నేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. నాకొచ్చిన ఉత్తరాన్ని నాకే ఇలా చదివి చెప్పినవాళ్లు లేరు. నామట్టుకు నాకు అనుమానం తీరింది. కాని కమిటీలో ఇంకో నలుగురున్నారు. మీ ఐమోని ఇంకొక్క మాట రాయమను తల్లీ, కాస్త మాకర్థమయ్యేలా. జవాబు పది రోజుల్లో చెబుతాం."

పది రోజులంటే లండన్ సీటు ఎప్పుడో చేజారిపోయి ఉంటుంది.

శుక్రవారం పదకొండున్నరకి హిల్లా ఐమో గదికి వెళ్లి, జరిగిందంతా చెప్పింది. దాచుకున్న వ్యాసం మాట మాత్రం ఎత్తలేదు. ఆయన కిటికీలోంచి, మంచు విరుగుతున్న నది వైపు చూశాడు.

"ఉత్తరంలో తప్పేముంది?"

"తప్పేమీ లేదు. వాళ్లకి ఇంకొంచెం కావాలట."

ఐమో కాగితం తీసుకున్నాడు. రాశాడు, కొట్టేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. అంతలో పెద్ద చర్చి గంటలు మోగాయి. పన్నెండు.

"లండన్‌కి ఏం చెప్పావు?" అన్నాడు తలెత్తకుండా.

"ఇంకా చెప్పలేదు."

"అక్కడ ఇప్పుడు పదే. నీకింకా రెండు గంటల టైముంది."

హిల్లా ఫోను తీసి, సీటు వద్దనీ, కృతజ్ఞతలనీ రెండు ముక్కలు రాసి పంపేసింది.

"ఎందుకట?"

"లండన్ వాళ్లు నా మార్కులు చూసి సీటిచ్చారు. గాల్వే ఆవిడ మీ ఉత్తరం చదివి, అర్థంకాక, నన్నడిగింది. అలా అడిగేవాళ్ల దగ్గరే చదువుకోవాలనిపించింది."

"అక్కడా రాకపోతే?"

"అమ్మమ్మతో చేపలమ్ముకుంటాను."

"ఆవిడ కొట్టు మూసేసి ఆరేళ్లయింది."

"తెరిపిస్తాను."

ఐమో పెదవి ఒక పక్కకి కదిలింది. అది నవ్వేనని హిల్లాకి తెలుసు. ఆయన కాగితం ఆమె వైపు జరిపాడు. అరగంట శ్రమలో మిగిలింది ఇంతే: 'నా మొదటి ఉత్తరంలో పొగడ్త ఎక్కువైందని హిల్లా అంది. ఎక్కువ కాలేదు.'

"ఇంతేనా?"

"ఇంకా కావాలా?"

"వద్దు. ఇదే ఎక్కువ."

ఆ తర్వాత ఆరు రోజులు హిల్లాకి అన్నం సయించలేదు. తొందరపడ్డానేమోనని రోజుకి నాలుగుసార్లు అనుకుంది. అమ్మమ్మ మాత్రం అటకమీంచి పాత చేపల తక్కెడ దించి, హిల్లాకి కనబడేలా తుడుస్తూ కూచుంది. ఏడో రోజున గాల్వే నుంచి సీటు వచ్చింది. ఐమో రెండు వాక్యాలూ విని కమిటీ అంతా నవ్విందనీ, తర్వాత మొదటి ఉత్తరం మళ్లీ తెప్పించుకుని నవ్వకుండా చదివిందనీ గ్రాన్యా ఆ మెయిల్ కింద రాసింది. అమ్మమ్మ తక్కెడ పక్కన పెట్టి కాఫీ పెట్టబోయింది, కాని అది కాగేదాకా హిల్లా ఆగలేదు. నది వంతెన మీదుగా ఐమో గదికి పరుగు తీసింది.

"గాల్వేలో వచ్చింది!"

"సరే," అన్నాడు ఐమో.

హిల్లా ఊపిరి తీసుకుని, ఇన్నాళ్లూ ఎత్తని మాట అప్పుడెత్తింది.

"నా వ్యాసమొకటి మీ దగ్గర ఉండిపోయిందట కదా. గాల్వేకి పట్టుకెళ్తాను, ఇస్తారా?"

ఐమో బల్ల కింది సొరుగు కాస్త తెరిచి ఉంది. ఆయన దాన్ని మోకాలితో మెల్లగా మూసేశాడు.

"ఇవ్వను," అన్నాడు.