తాళాల గిన్నె

"పైన బల్లి ఉందా, పోయిందా?" అని అడిగింది చుక్కలమ్మ.

బెంచీ మీది ముసలాయన తల వెనక్కి వాల్చి పైకప్పు కేసి చూశాడు. చూసిన ఆ క్షణంలోనే ఆమె ఎడమ బొటనవేలు అతని కింది రెప్పను లాగడం, కుడిచేతి సీసాలోంచి చుక్క జారి లోపల పడడం అయిపోయాయి.

"బల్లేమీ లేదమ్మా."

"ఉంటే నేనిక్కడ ఉంటానా?" అంటూ ఆమె చూపుడువేలు ముక్కు పక్కన, కంటి మూలలో ఆనించి నొక్కిపట్టింది. ఆ మూలలో సన్నటి కాలువ ఒకటి ఉంటుంది. వదిలేస్తే మందు ఆ దారిన గొంతులోకి, అక్కణ్ణుంచి ఒంట్లోకి దిగుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. అందుకే తనకు తీరిక ఉన్నా లేకున్నా ప్రతి కంటినీ అలా పట్టుకునే ఉంటుంది. "ఈవిడ చుక్క వేసేలోగా పెళ్లి చేసి పిల్లనంపొచ్చు" అని కౌంటరులో పిల్ల నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ.

కంటాసుపత్రి వసారాలో పొడుగాటి బెంచీ, దాని మీద కళ్లు మూసుకుని వరసగా మనుషులు. చుక్కలమ్మ పొట్టిది, కాస్త లావు. లేత నీలం కోటు జేబు ఎప్పుడూ దూదితో ఉబ్బి ఉంటుంది. మోకాళ్లు కలుక్కుమంటుంటే బెంచీ అంచు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ జరుగుతుంది. చుక్కల తడికి బొటనవేలి చర్మం ముడతలు పడిపోయింది. ఇన్నేళ్లలో ఒక్క కంటికైనా సీసా మొన తగిలించని చేయి అది. శాలువా కప్పే వేళ అలాంటి చేయి ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ మందు సంగతి పెద్ద డాక్టరు బతికున్న రోజుల్లో ఆమెకు విడమరిచి చెప్పారు. మనిషికి భయమేస్తే ఒళ్లే అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతుంది. కండరాల మీద కంటికి కనబడని తాళాలుంటాయి, ఆ రసం వాటి తాళంచెవి. కంట్లో తాళం తిరిగితే కంటిపాప విచ్చుకుంటుంది. గుండెలో తిరిగితే గుండె పరుగెడుతుంది. సీసాలోది దొంగచెవి. కంటి దగ్గర చేరి పులొచ్చిందని అబద్ధం చెబుతుంది, కన్ను నమ్మి తలుపు బార్లా తీస్తుంది. పాపను ముడిచే కండరాన్ని నిద్రపుచ్చే మందు కూడా అందులోనే కలిసి ఉంటుంది. అందుకే కొన్ని గంటలపాటు వెలుతురు కళ్లలో పొడుస్తుంది, దగ్గరివి అలుక్కుపోతాయి.

తర్వాత ఆమె గుండెకే జబ్బు చేసి మాత్రలు రాసినప్పుడు, అవేం చేస్తాయని అడిగింది. "గుండె తాళంలో దూరి ఊరికే కూర్చుంటాయి. తాము తిప్పవు, ఇంకో చెవిని దూరనివ్వవు" అన్నారాయన. "మా అత్తగారన్నమాట. తను వండదు, నన్ను వండనివ్వదు" అంది చుక్కలమ్మ. ఆయన నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆమెకంటూ ఒక పద్ధతి ఉంది. చుక్కకు ముందు ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నె చాపుతుంది. బండి మీద వచ్చినవాళ్లు తాళాలు అందులో వేయాల్సిందే. చూపు కుదురుకున్నాక తనే తీసి ఇస్తుంది. ఇది ఆసుపత్రి పెట్టిన నియమం కాదు. మొదటిసారి తన కళ్లలో చుక్కలు వేయించుకున్న రోజు, ఇంటికెళ్లి మరిగిన పాలను గ్లాసు పక్కన పోసుకుంది. పాలైతే తుడుచుకోవచ్చు, రోడ్డు మీద మనిషినెలా తుడుస్తామని మర్నాడే గిన్నె తెచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక వ్యాన్ డ్రైవరు వచ్చాడు. తాళాలడిగితే నడిచొచ్చానన్నాడు. చుక్కలు పడ్డాక కాలు మార్చి కూర్చోబోతే జేబులో తాళంచెవి గల్లుమంది. చుక్కలమ్మకు మోకాళ్లు మొరాయించాయి గానీ చెవులు మొరాయించలేదు. అయిదారుగురి అవతల ఉన్నదల్లా తలెత్తింది.

"నడిచొచ్చేవాడికి తాళమెందుకు నాయనా?"

"సాయంత్రం స్కూలు వదులుతారమ్మా. పిల్లల్ని ఇళ్లకు చేర్చాలి."

"ఇంకొకరికి చెప్పు."

"ఎవరికి? నా ముందు నిలబెట్టే తెల్లవ్యాను వాడికా? వాడికీ నాకూ మాటల్లేవు. ఒక్కరోజు నా రూటెక్కనిస్తే ఇక దిగడు. నా ఇల్లు గడిచేది దాని మీదే." అతని గొంతు లేచింది. బెంచీ మీది మూసిన కళ్లన్నీ అటు తిరిగాయి.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "చూడు, గుండె ఎలా కొట్టుకుంటోందో. కంట్లో ఒక పులి, గుండెలో ఒక పులి. రెంటినీ ఎక్కించుకుంటే పిల్లలెక్కడ కూర్చుంటారు?"

అతను పళ్లు కొరుకుతూ చెవి గిన్నెలో పడేశాడు.

ఆ తర్వాత ఇంకొందరికి చుక్కలు వేసేసరికి చుక్కలమ్మకు మెడ మీద చెమట పట్టింది. ఎడమచేయి లాగింది. మాత్ర వేసుకున్నాను కదా, గుండె కుదురుగానే ఉంది, వయసు మీద పడిందిలే అనుకుంది. సాయంత్రం కూతురింటికి వెళ్లాలి, మనవరాలికి జడ వేస్తానని మాటిచ్చింది. కాస్త నడుం ఆనిస్తే చాలనిపించి, గిన్నె ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర చేరగిలబడింది. వరసలో అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు. ఆమె కూడా మూసుకుంది.

స్కూలు వదిలే వేళ దగ్గరపడుతుంటే డ్రైవరు లేచాడు. బెంచీ చివర నీలం కోటు మసగ్గా కనిపించింది. నిద్రపోతోందని సంతోషించాడు. గిన్నెలో వేళ్లతో తడిమి, తన చెవి పోల్చుకుని, చప్పుడు కాకుండా తీసుకుని గుమ్మం దాటాడు. ఎండ మొహాన సున్నం కొట్టినట్టయింది. వ్యాను ఎటున్నదీ తెలియక అడుగేశాడు, ఏదో మెత్తగా కాళ్లకు తగిలింది. "చూసి నడవండి అంకుల్" అంది ఒక చిన్న గొంతు. ఆ పిల్ల ఎటునుంచి వచ్చిందో అతను చూడనేలేదు.

గోడ పట్టుకుని లోపలికొచ్చి, కౌంటరు పిల్లను ఫోనులో ఒక నంబరు నొక్కమన్నాడు. తెల్లవ్యాను వెనకాల రాసి ఉండే నంబరు అది. రోజూ దాని వెనకే నిలబెట్టి నిలబెట్టి కంఠతా వచ్చేసింది.

"అన్నా, నేనే. ఇవాళ నా పిల్లల్ని కూడా నువ్వే దింపాలి. చిన్నది ముందు సీటంటుంది, కూర్చోబెట్టుకో." అవతలివాడు ఏదో అన్నాడు. "రూటు సంగతి తర్వాత చూద్దాంలే" అన్నాడితను.

ఆ తర్వాత బెంచీ చివరకు వెళ్లి, చుక్కలమ్మకు వినబడాలనే చెవిని గిన్నెలోకి పైనుంచి వదిలాడు. అది ఠంగుమంది.

"నీ మాటే నెగ్గిందమ్మా" అన్నాడు.

తాళం చప్పుడుకు ఎక్కడున్నా తలెత్తే మనిషి తలెత్తలేదు. అతను వంగి ఆమె మొహాన్ని చూడబోయాడు, మసగ్గానే కనిపించింది. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. "డాక్టరమ్మా" అని కేకేశాడు. బెంచీ మీద ఒక్కొక్క కన్నూ తెరుచుకుంది.

డాక్టరమ్మ వచ్చి చాలాసేపు పాటుపడింది. చివరికి చుక్కలమ్మ కంటి మూలలో ఒకసారి వేలు ఆనించి, రెప్పలు సరిచేసి లేచింది.

సాయంత్రానికి చూపులు కుదురుకున్నాయి. ఒక్కొక్కరే వచ్చి ఎవరి తాళాలు వాళ్లు తీసుకున్నారు. డ్రైవరు మాత్రం ఆమెను ఇంటికి చేర్చినవాళ్లతో కలిసి నడిచే వెళ్లాడు. ఖాళీ బెంచీ చివర, స్టీలు గిన్నెలో, అతని వ్యాన్ తాళంచెవి అలాగే ఉంది.