రేవుసత్రమునఁ దొలివిస్తరి

గ్రీష్మర్తువు కడపటి దినములు. మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములకు గౌతమీసైకతములు పెనమువలెఁ గాఁగుచుండఁగా, నీరు సన్నగిల్లి పాయలుపాయలై ప్రవహించుచుండఁగా, ఆవలిగట్టు కొబ్బరితోఁటలు వేఁడియావిరిలోఁ గదలాడునట్లు కానవచ్చుచుండఁగా, రేవున దిగిన బాటసారులు కండువాలు తలలపైఁ గప్పుకొని గట్టుమీఁది పెంకుటింటివంక వడివడిగా నడచుచుండిరి. ఆ యింటి వంటసాల పైఁ బొగ లేచుచున్నంతవఱకు నా రేవున నెవ్వరికి నాఁకటి భయము లేదు. అది సూరాంబ సత్రము.

సూరాంబ నడివయసు వితంతువు. ఆమె యత్తగారు సత్రభారమును కోడలి కప్పగించి కన్నుమూయుచుఁ జేతిలోఁ జేయి వేయించుకొని యొక మాట పుచ్చుకొనెను. అతిథులెల్లరు భుజించిన పిమ్మట గడపకడ నిలిచి "ఆకలిగొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" యని ముమ్మాఱు కేక వేయవలెను. బదులు రాకున్నఁగాని తాను ముద్ద ముట్టరాదు. అత్తగారి కాలమున నా రేవునకు దినమున కొక్కటే పడవ. అది మిట్టమధ్యాహ్నమున వచ్చెడిది. జాము తిరుగకమునుపే కేకయు భోజనమును ముగిసెడివి. ఇప్పుడో! సంతలు పెరిగినవి, పడవలు పెరిగినవి, ప్రొద్దు వాలువఱకు రేవున జనము తెగరు. ఎప్పుడు కేక వేసినను "ఉన్నామమ్మా" యను బదులు రానే వచ్చును. పడవలు పెరిగినవని యెల్లరును సంతసించిరే కాని సూరాంబ భోజనము దీపాలవేళకు వెనుకఁబడినదని గుర్తించిన పుణ్యాత్ముఁ డొక్కఁడును లేకపోయెను.

వైధవ్యనియమమున నామె భుజించునది యొంటిపూఁట. ఆ యొక్కపూఁటకు దక్కునది చల్లారిన యన్నము, అడుగంటిన పులుసు, నోటికి రుచి తగులుటకై యింత గొడ్డుకారము. నిలువుకాళ్ళమీఁద గబగబ మ్రింగి చెంబెడు నీరు త్రాగి యలసటచే వెంటనే నడుము వాల్చును. పాపము, కడుపు మాత్ర మెంతకని యోర్చును? తొలుత గుండెలో మంట, పిదపఁ బులిత్రేనుపులు, తుదకు బొడ్డుపైఁ బొడిచినట్లు నొప్పి. ఆమె వాము నమలెను, శొంఠి నమలెను, నొప్పిని మాత్ర మెవ్వరికిఁ జెప్పదయ్యెను. ఏమందుము మనవారి సిగ్గును! కంటిలో నలుసు పడిన నూరంతయుఁ జాటుదురు. కడుపులోని బాధను, అందును దాని దిగువ వ్యవహారమును, ప్రాణము మీఁదికి వచ్చినను నోరు విప్పి చెప్పరు.

ఒకనాఁడు గంజి వార్చుచు నామె పొయ్యిప్రక్కనే సొమ్మసిల్లి పడెను. అప్పుడే పడవ దిగి భోజనమునకు వచ్చిన పేరయశాస్త్రి పొరుగూరి వైద్యుఁడు. వృద్ధుఁడు, ముక్కోపి, మనసు మాత్రము వెన్న. ఆయన జనమును వెలుపలికిఁ దఱిమి నాడి పట్టి చూచెను.

"ఏమమ్మా, విరేచనం ఎలా అవుతోంది?"

సూరాంబ కొంగు మొగమున కడ్డము పెట్టుకొనెను. "అయ్యో రామ! అవేం ప్రశ్నలండీ బాబాయిగారూ!"

"నాడి సగమే చెబుతుంది తల్లీ. మిగతా సగం నువ్వే చెప్పాలి. నల్లగా, తారులాగా అవుతోందా?"

 ఆమె గోడవైపు తిరిగి "అవుతోందండి" యని మెల్లగా ననెను.

శాస్త్రి మొగము వెలవెలఁబోయెను. "ఎంత పని చేశావమ్మా! కడుపులో పుండు పడి నెత్తురు కారుతోంది. ఇది నా కషాయాలకి లొంగేది కాదు. ఒరే పోలయ్యా, పడవ విప్పు! పట్నం ఆసుపత్రికి ఇప్పుడే పోవాలి."

పడవసరంగు పోలయ్య యామె చేతియన్నము తిని పెరిగినవాఁడు. అన్నము ముట్టకయే పరుగెత్తి పడవ విప్పెను. సత్రము తలుపులు మూఁతపడెను. ఆ దినములలో రేవున దిగినవారు మూసిన తలుపులఁ జూచి యాఁకటికంటె నెక్కువ దిగులుతో మరలిపోయిరి.

దైవకృపచే సూరాంబ బ్రతికి వచ్చెను. ఇంకొకసారి నెత్తురు పోయిన దక్కదని యాసుపత్రి వైద్యులు మఱిమఱి చెప్పి పంపిరి. పేరయశాస్త్రి యరుఁగుమీఁదఁ గూర్చుండి యామెకు బోధింపసాగెను. "పుండు ఎందుకు పడిందో నాకూ నిశ్చయంగా తెలీదు. కానీ ఖాళీ కడుపూ, కారమూ దాన్ని కెలుకుతాయి. వాళ్ళిచ్చిన మందు మానకు. వేళకి తిను, నమిలి తిను, తిన్నవెంటనే పడుకోకు. కూరా నారా, మజ్జిగా పుష్కలంగా పుచ్చుకో. మళ్ళీ నల్లగా కనిపిస్తే సిగ్గుపడక ఆ క్షణానే చెప్పు."

"అన్నీ చేస్తాను బాబాయిగారూ. వేళకి తినడం మాత్రం నా చేతిలో లేదు. అత్తగారికి మాటిచ్చాను. అతిథి ఆకలితో ఉండగా నేనెలా తినను?"

"మీ అత్తగారు ఒక్క పడవని చూసి ఆ మాట పుచ్చుకుంది. నిన్ను చావమని కాదు!"

"మాట మాటేనండి" యని యామె లేచి లోపలికిఁ బోయెను. శాస్త్రి తల పట్టుకొనెను. అరుఁగు క్రింద నిలిచి వినుచున్న పోలయ్య మాత్రము తిన్నగా రేవునకుఁ బోయెను.

మఱునాఁడు మధ్యాహ్నము సత్రము నిండెను. లోపలి పంక్తులకును వెలుపలి వసారాకును వడ్డన ముగిసెను. అన్నముమీఁద నేయి కరఁగుచుండెను. ఒక్కరైనఁ జేయి కదలింపరు.

"అదేమర్రా? చల్లారిపోతోంది, కానివ్వండి!" అని సూరాంబ తొందరపెట్టెను.

వసారానుండి పోలయ్య చేతులు జోడించెను. "అమ్మగోరూ, తవరు ముద్ద ముట్టందే మేం విస్తట్లో చెయ్యెట్టం. పడవెక్కినోళ్ళందరికీ రేవులోనే సెప్పేశాను. అందరూ ఒప్పుకునే వొచ్చారు."

"అన్నం ముందు పెట్టుకుని అలుగుతారా? తప్పు కదూ! నా చేత మాట తప్పిస్తారా?"

"తవరు తలుపులేసుకున్న నాడు మాకు రేవు రేవులా లేదమ్మా. ఇంకోపాలి తలుపులు మూతడితే మేవేవైపోవాలి?" అనుచు నా మోటుమనిషి గోలున నేడ్చెను.

సూరాంబ నిర్ఘాంతపడి గడపకడ నిలువఁబడిపోయెను. తాను దినక వారు తినరు. వారు తినక తాను దినరాదు. పేరయశాస్త్రి విస్తరి ముందునుండి లేచివచ్చి మెత్తని గొంతుతో ననెను. "తల్లీ, నీ కడుపులో ఉన్న అగ్నిహోత్రుడూ అతిథే. పొద్దున్నే వచ్చి కూచుంటాడు. వీధిలో వాళ్ళని ముమ్మారు పిలుస్తావు, లోపల వాడు మొత్తుకుంటున్నా వినవు. ఆయనకి పెట్టు. మీ అత్తగారి మాట ఎక్కడికీ పోదు."

 ఎన్నియో యేండ్లుగా నందఱికిని విస్తళ్ళు వేసిన యా చేతులు తొలిసారిగాఁ దమకై యొక్క విస్తరి వేసికొనెను. శాస్త్రి తానే గరిటె పట్టి మెత్తని యన్నము, పెసరకట్టు, బీరకాయకూర వడ్డించెను. సూరాంబ తొలిముద్ద నోట నుంచుకొని నమలుచు నమలుచు నాగిపోయెను. కన్నుల నీరు జలజల రాలెను.

"ఏమ్మా, నొప్పిగా ఉందా?"

"లేదండి. వేడి అన్నం ఇలా ఉంటుందని మర్చేపోయాను."

అప్పుడు పంక్తులన్నియు నొక్కసారిగాఁ గదలెను. సత్రమంతయు భోజనకోలాహలముతో నిండెను. పరులకుఁ బెట్టుట యెంత పుణ్యమో పెట్టు చేతిని నిలుపుకొనుటయు నంత ధర్మమే యని పెద్దలు చెప్పుదురు. చెప్పుట సులువు, దానిని చేసి చూపినవారు మాత్ర మానాఁటి పడవప్రయాణికులు. సూరాంబ నెమ్మదిగా భుజించి మజ్జిగ త్రావి చేయి కడుగుకొని వచ్చి పంక్తులకెల్ల నెదురుగా నిలిచి చేతులు జోడించెను. జీవితమున వేలమంది నోటఁ దాను వినినదే కాని తన కెవ్వరితో ననవలసిన యవసర మెన్నఁడును రాని మాట యొకటి యామె నోట వెలువడెను.

"అన్నదాతా సుఖీభవ!"