జమ్మి పెట్టిన చేయి

అమెరికా కూడా ఒకప్పుడు రొట్టె కోసం వరసలో నిలబడిందని నాకు చెప్పినవాడు డేల్ సాబ్. మొదట నేను నమ్మలేదు. మా జగిత్యాల పల్లెల్లో అమెరికా అంటే కరువునాడు పంచిన జొన్నలు, బడిలో కలిపి పోసిన పాలపొడి. ఇచ్చే చేయే తప్ప అడిగే చేయి ఆ దేశానికి ఉంటుందని ఎవరనుకుంటారు?

డెబ్బై ఏడులో నేను జెబెల్ అలీలో ఉన్నాను. అక్కడ ఇసుకను తవ్వి, సముద్రాన్ని లోపలికి రప్పించి ఓడరేవు కడుతున్నారు. కాంక్రీటు పోసే ముందు ఇనుప చువ్వలు కట్టే ముఠాకు నేను మేస్త్రీని. ముఠాలో అందరూ మా వైపు వాళ్లే. డేల్ సాబ్ మా సైటుకు ముదీర్, అంటే అందరికీ పెద్ద. రెండో పెద్ద యుద్ధంలో అస్సాంలో రోడ్లు వేశాడట, తర్వాత మన దేశంలోనే ఏదో డ్యాము పనిలో ఉన్నాడట, అక్కడ హిందీ నేర్చుకున్నాడు. నాది బొంబాయి హిందీ. ఆయనది ఏ ఊరిదో ఆ దేవుడికే తెలియాలి. అయినా మా ఇద్దరికీ మాట కలిసింది.

మిగతా తెల్లదొరలు మా క్యాంపు గేటు దాటి లోపలికి వచ్చేవాళ్లు కాదు. ఈయన శుక్రవారం శుక్రవారం వచ్చి, చెక్క మీద బాసింపట్లు వేసుకుని, మా కోడికూర తినేవాడు. కారానికి ముక్కు కారేది, అయినా ఇంకో గరిటె వేయమనేవాడు. అంతమాత్రానికే మేం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాం. మనతో కూర్చుని తిన్నవాడు మనవాడే అనుకునే జాతి మాది.

తిన్నాక తన చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు. నేను తెలుగులో అందరికీ వినిపించేవాణ్ణి.

ఆయన తండ్రి మొదటి పెద్ద యుద్ధంలో ఫ్రాన్సులో కొట్లాడి వచ్చాడట. వచ్చాక కార్ల ఫ్యాక్టరీలో పని. ఆ రోజుల్లో ఆ దేశానికి డబ్బు మదం పట్టిందని చెప్పేవాడు డేల్ సాబ్. రేడియో కంతుల మీద, కారు కంతుల మీద కొనేవాళ్లట, చివరికి క్షవరం చేసేవాడు కూడా అప్పు తెచ్చి కంపెనీల వాటాలు కొనేవాడట. ఒక శీతాకాలం మొత్తం కూలిపోయింది. ఫ్యాక్టరీ మూశారు. ఊళ్లో బ్యాంకు తలుపుకు తాళం పడింది, లోపల వీళ్ల డబ్బు. నిన్నటిదాకా సూటు వేసుకున్నవాడు వీధి మూల ఆపిల్ పళ్లు పెట్టుకుని అమ్మేవాడట.

"మల్ల సర్కారు ఏం జేసింది?" అని హన్మంతు నాచేత అడిగించాడు. హన్మంతు గొర్లు కాసే ఇంటి నుంచి వచ్చినవాడు, ఏదీ ఊరికే నమ్మడు.

సర్కారు ఏమీ చేయలేదట. అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని చెప్పిందట. యుద్ధంలో కొట్లాడిన సిపాయిలకు మాత్రం అంతకుముందే ఒక మాట ఇచ్చి ఉంది, కొంత డబ్బు ఇస్తామని. ఎప్పుడు? ఇంకో పదమూడేళ్లు ఆగాక. ఆకలి అన్నేళ్లు ఆగుతుందా? సిపాయిలంతా గూడ్సు బండ్లెక్కి పెళ్లాం పిల్లలతో రాజధానికి వెళ్లి, ఏటి ఒడ్డున బురదలో గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. రేకు ముక్కలు, అట్టపెట్టెలు, పాత తలుపులు, ఏది దొరికితే అదే గోడ. ఊళ్లల్లో ఒక బెంచీ మీద ఎన్నడూ కూర్చోని నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అక్కడ ఒకే చోట వండుకున్నారట. డేల్ సాబ్‌కు అప్పుడు పదకొండేళ్లు, తండ్రితో ఆ గుడిసెలోనే ఉన్నాడు.

అప్పుడు ఆ సర్కారు తన సిపాయిల మీదికి తన ఫౌజునే పంపింది. గుర్రాల మీద కత్తులు దూసి వచ్చారు, కళ్లు మండించే పొగ వదిలారు, గుడిసెలకు నిప్పు పెట్టారు.

గుర్రాల దగ్గరికి వచ్చేసరికి డేల్ సాబ్ గొంతు మారేది. వాటి ఎత్తు, మెరిసే జీనులు, ఒకే వరసలో పడే అడుగులు అన్నీ చేతులతో చూపించేవాడు. కళ్లు తళతళలాడేవి. ఏడుపు ఆపుకుంటున్నాడని మా ముఠాలోని ఆశన్న తన తువ్వాల ఇచ్చేవాడు. అంత వెర్రివాళ్లం మేము.

ఇంకొకటి కూడా చెప్పేవాడు. మరుసటి ఏడు సిపాయిలు మళ్లీ వచ్చారట. అప్పటికి అధ్యక్షుడు మారాడు. కొత్తాయన గుర్రాలను పంపలేదు, తన భార్యను పంపాడు, కడుపునిండా కాఫీ పోయించాడు. సిపాయిలు కాఫీ తాగి, చూపించిన పనికి కొందరు, ఇళ్లకు కొందరు సర్దుకున్నారు.

"కొత్తాయన దయగలోడు," అన్నాను.

డేల్ సాబ్ నవ్వి, వేలు అడ్డంగా ఊపాడు. "దయ కాదు పోచన్నా. తెలివి."

ఆ మాటను నేను ముఠాకు తెలుగులో చెప్పాను. అందరం నవ్వాం.

ఆ ఏడు దసరాకు హన్మంతు ఒక వింత చేశాడు. క్యాంపు వెనక ఇసుక దిబ్బల్లో ఒక చెట్టు ఉండేది, దాని నీడలో ఒంటెలు పండుకునేవి. అరబ్బులు దాన్ని గాఫ్ అంటారు. హన్మంతు దాని కొమ్మ వంచి, ఆకు నలిపి వాసన చూసి, అరిచినంత పని చేశాడు.

"అన్నా, గిది మన జమ్మిచెట్టేనే! గిదే ముల్లు, గిదే ఆకు!"

నిజంగా జమ్మే. దేశం కాని దేశంలో జమ్మి కనిపిస్తే మాకు కడుపులో నుంచి దుఃఖం తన్నుకొచ్చింది. పొద్దు గూకుతుండగా ఆకు తెంపి, ఊళ్లో లాగే బంగారమని ఒకరి చేతిలో ఒకరం పెట్టుకున్నాం, అలాయ్ బలాయ్ అని గుండెకు గుండె ఆనించుకున్నాం. ఏడాదిగా మాటల్లేని ఇద్దరు కూడా ఆ పూట కలిసిపోయారు. జమ్మి అందుకున్నాక పగ ఉంచుకోకూడదు.

అప్పుడే డేల్ సాబ్ వచ్చాడు. ఆయన చేతిలో కూడా పెట్టాను.

"దీని అర్థం ఏమిటి?" అని అడిగాడు.

"ఇది చేతిలో పెట్టాక మనిషికి మనిషి అన్యాయం చేయడు సాబ్."

ఆయన గుప్పిట మూసి, నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. చెమట, సిగరెట్టు కలిసిన వాసన. నాకు ఈ రోజుకూ ఆ వాసన తగిలితే ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం ఆశన్న చువ్వల మధ్యే కుప్పకూలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, కళ్లు తేలిపోయాయి. మమ్మల్ని పొద్దున దింపిన బస్సు సాయంత్రం దాకా రాదు. డేల్ సాబ్ తన కారులో స్వయంగా ఎక్కించుకుని దుబాయ్ ఆస్పత్రికి తీసుకుపోయాడు, ఆశన్న బతికాడు. ఇది అబద్ధం కాదు, ఆయన చేసిన మేలును నేను దాచను. అందుకే మోసం ఇంత లోతుగా దిగింది.

ఆ రోజు నుంచి నేను ఒక్కటే అడిగాను. పని జరిగే చోట ఒక బండి ఉంచండి, ఎవరన్నా పడిపోతే ఎక్కించడానికి. పాత పికప్ అయినా చాలు. ఆఫీసుకు చెబుతాను అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే అన్నాడు. ఇంతలో పక్క ముఠాలో ఒక మలయాళీ పడిపోయాడు. ఆ వేళ డేల్ సాబ్ సైటులో లేడు. అతన్ని రేకు నీడన పడుకోబెట్టి, తువ్వాలతో విసురుతూ, ఏదైనా బండి దుమ్ము కనిపిస్తుందేమోనని రోడ్డువైపు చూస్తూ ఉండగానే అతని ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున మేం బస్సులు ఎక్కలేదు. క్యాంపు గేటు ముందు ఇసుకలో కూర్చున్నాం. మా ముఠా, మలయాళీలు, పఠాన్లు, అందరం. బండి వస్తేనే పనికి పోతామని చెప్పాం. అక్కడ పని ఆపడం ఎంత పెద్ద తప్పో మాకు తెలియదనుకోకండి. తెలిసే కూర్చున్నాం.

ఎండ ముదిరేసరికి డేల్ సాబ్ వచ్చాడు. వెంట పోలీసులు లేరు. ఒక పికప్ నిండా చాయ్ డ్రమ్ములు, ఐసు గడ్డలు వేసిన నీళ్లు. తానే గ్లాసులు పంచాడు. చాయ్‌లో చక్కెర బాగా వేయించాడు, మాకు అట్లా ఇష్టమని ఆయనకు తెలుసు.

"డైరెక్టర్ మీ మాట వింటానన్నాడు," అన్నాడు నా పక్కన ఇసుకలో కూర్చుని. "అందరూ కాదు, ఒక్కరు రావాలి. నువ్వు రా పోచన్నా. మలయాళీ ఎట్లా చనిపోయాడో నీ నోటితో చెప్పు. మా నాన్న మాట వినే మనిషి ఒక్కడు ఉండుంటే ఆ గుడిసెలు కాలేవి కావు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హన్మంతు మాత్రం నా చేయి పట్టుకుని పక్కకు లాగాడు.

"పోవద్దే అన్నా. డైరెక్టరునే ఈడికి రమ్మను. నాకు మనసు ఒప్పుతలేదు."

"జమ్మి పెట్టినం గదరా ఆయన చేతుల," అన్నాను.

"పెట్టింది మనం. ఆయన పెట్టలె."

ఆ మాట నాకు అప్పుడు మొరటుగా తోచింది. విసుక్కున్నాను. పెద్ద ఆఫీసుకు పోతున్నానని పెట్టె తెరిచి, ఊరికి పోయేటప్పుడు తొడుక్కుందామని దాచుకున్న తెల్ల టెర్లిన్ చొక్కా వేసుకున్నాను. ఆశన్న నా కాలరు సర్ది, "గట్టిగ మాట్లాడే అన్నా, బండి సంగతి ఇడువకు" అన్నాడు. కారు కదిలితే అందరూ చప్పట్లు కొట్టారు.

దారి పొడుగునా నేను డైరెక్టరుతో చెప్పాల్సింది హిందీలో కూడబలుక్కుంటూ కూర్చున్నాను. ఒకటి రెండు మాటలు డేల్ సాబ్‌నే అడిగి సరిచేసుకున్నాను. ఆయన ఓపికగా సరిచేశాడు కూడా. దుబాయ్ వచ్చింది, ఖాడీ, అంటే ఊరి మధ్య సముద్రపు పాయ, దాని మీది వంతెన దాటాం, ఆఫీసులు ఉండే వీధి వెనక్కి పోయింది. ఇంకో ఆఫీసు ఉందేమో అనుకున్నాను. కారు ఎయిర్‌పోర్టు ముందు ఆగింది. ఇద్దరు పోలీసులు, కంపెనీ మనిషి ఒకడు నిలబడి ఉన్నారు. అతని చేతిలో నా పాస్‌పోర్టు ఉంది.

అప్పటికిగాని నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా మొదట నేను అన్న మాట ఏమిటో తెలుసా? "డైరెక్టరు సాబ్ ఎక్కడ?"

డేల్ సాబ్ సిగరెట్టు వెలిగించాడు. "డైరెక్టర్ లేడు. ఖలాస్ పోచన్నా. నీకు జైలు తప్పించాను, అది చాలు అనుకో."

"మీ నాయన గుడిసె కాలబెట్టిన్రని చెప్తివి," అన్నాను. హిందీ ఎగిరిపోయి తెలుగే వచ్చింది. తెలివి తెచ్చుకుని మళ్లీ హిందీలో అడిగాను. "ఆ బురదలో కూర్చున్న పిల్లాడివి నువ్వు కాదా సాబ్? మాది కూడా అదే కదా!"

ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చినా కొంత బాగుండేది.

"నేనే," అన్నాడు. "మా నాన్న ఆ రోజు పొగలో దగ్గుతూ నా చేయి పట్టుకుని పరుగెత్తాడు. నేను మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ పరుగెత్తాను. ఏం చూశాననుకున్నావు, గుడిసెనా? గుర్రాలను చూశాను. పెద్దయితే ఆ పక్కనే ఉండాలని అప్పుడే అనుకున్నాను."

ఎన్ని శుక్రవారాలు విన్న కథ! గుర్రాల దగ్గర ఆ కళ్లు ఎందుకు తళతళలాడేవో నాకు అక్కడ, ఆ తలుపుల ముందు తెలిసింది. ఆశన్న తువ్వాల గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఊరికి పోయేనాడు తొడుక్కుందామన్న చొక్కాతోనే, చేతిలో సంచి కూడా లేకుండా, విమానం ఎక్కాను.

ఆ తర్వాత నాకు అటువైపు దారి మూసుకుపోయింది. ఊళ్లోనే రెండెకరాలు దున్నుకుని బతికాను. అయినా మనసులో ఒకటి మిగిలింది. నా పని పోయినా, ఆ గేటు ముందు కూర్చున్నవాళ్లు ఊరుకుని ఉండరని, ఒక బండైనా తెచ్చుకునే ఉంటారని. ఆ ఒక్క ఊహ మీద నేను తల ఎత్తుకు తిరిగాను.

రెండేళ్ల తర్వాత ఆశన్న సెలవు మీద వచ్చాడు. దసరా పొద్దు గూకేవేళ, కొత్త బట్టల్లో, జమ్మి ఆకు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒళ్లు తేరింది, చేతికి గడియారం ఉంది. చూసి సంతోషపడ్డాను. బతికించుకున్న మనిషి కదా.

"బండి వెట్టిన్రారా?" అని అడిగాను, ఇంకా కూర్చోకముందే.

"ఏ బండే అన్నా?" అన్నాడు.

సగం ప్రాణం అక్కడే పోయింది.

"పని కాడ ఉంచుమని కూసున్నం గద. ఆ బండి."

"అగో, అదా. లేదే. నువ్వు పోయిన తెల్లారే పోలీసులచ్చిన్రు, అందరం బస్సులెక్కినం. మల్ల ఎవలడుగుతరు?"

"హన్మంతు?"

"ఆన్ని గూడ పంపిచ్చిన్రు. బొంబాయిల దిగి యాడికో పోయిండట."

"డేల్ సాబ్ ఉన్నడా?"

"ఉన్నడు. ఇంక పెద్ద ముదీరైండు. పోయిన దసరకు గూడ మన మెస్సుకచ్చి కోడికూర తిన్నడు. జమ్మిచెట్టు కాడికచ్చి చెయ్యి సాపి నిలవడ్డడు."

"పెట్టిన్రా?"

ఆశన్న నేల చూపులు చూశాడు. "పెట్టినం. ఏం జేస్తమే అన్నా."

"ముందుగాల ఎవలు పెట్టిన్రు?"

చేతి గడియారం సర్దుకుంటూ అన్నాడు. "నేనే. నీ జాగల నన్నే మేస్త్రీని జేసిన్రు గదా. ముందుగాల నన్నే పిలిచిండు."

"అలాయ్ బలాయ్ గూడ?"

తల ఊపాడు. ఊపి, సాబ్‌కు పెట్టిన ఆ చేత్తోనే జమ్మి ఆకు నా ముందుకు చాచాడు. వాడి మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. కొట్టేంత కోపం వచ్చింది. కానీ వాణ్ణి చూస్తే చువ్వల మధ్య పడి ఉన్నప్పటి మొహమే కనిపించింది, చేయి లేవలేదు.

లోపలికి తిరిగి మా ఆమెను పిలిచాను. "లక్ష్మవ్వా, ఆశన్న అచ్చిండు, అన్నం వెట్టు."

"జమ్మి తీస్కోవా అన్నా?" అన్నాడు, చేయి చాచుకునే.

"కడుపు నిండ తిని పో తమ్మీ," అన్నాను. "జమ్మి మాత్రం నా చేతుల పెట్టకు."