మంచంలో నా వైపు

దుప్పటి ఎంత బిగించి లాగినా నా వైపు గుంట దాగదు. పొద్దున్నే పక్క సర్దేటప్పుడు రోజూ అదే తంతు. ఆయన వైపు ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటుంది. నా వైపు నడుం ఆనే చోట పరుపు లోపలికి కుంగిపోయి, దాని అంచున స్ప్రింగులు తెగి గుడ్డని కింద నుంచి పొడుస్తుంటాయి. అక్కడ పాత దుప్పట్లు మడిచి పెడతాను. తెల్లారేసరికి అవి కాళ్ళ దగ్గరికి జారిపోతాయి. లేవాలంటే ముందు పక్కకి దొర్లాలి, బీరువా పిడి పట్టుకోవాలి, కాళ్ళు కిందికి దించాలి, నడుం ఒప్పుకుందో లేదో చూసుకుని అప్పుడు నిలబడాలి. ఇంతా చేసి లేచి, పొయ్యి వెలిగించి, అందరి డబ్బాలూ కట్టి, పాపని బతిమాలి లేపి, అత్తయ్యకి వేడినీళ్ళు తోడాక, ఆయన ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి టీ అయ్యిందా అంటారు.

ఆ పరుపు నిజానికి అత్తయ్య వాళ్ళది. మామయ్య పోయాక అత్తయ్య చిన్న గదిలోకి మారారు. ఆవిడ కోసం ఒంటి మంచం, దాని మీదకి కొత్త పరుపు వచ్చాయి. పెద్ద మంచం, పాత పరుపు మా గదిలోకి వచ్చాయి. ఎవరు ఏ వైపు పడుకోవాలని మేమేం మాట్లాడుకోలేదు. ముందు లేచేది నేను కాబట్టి తలుపు వైపు నాది అయ్యింది. నేను లేచి వెళ్తుంటే ఆయన నిద్ర చెడకూడదు కదా.

పరుపు మార్చుదామని నేను అనకపోలేదు. అన్న ప్రతిసారీ ఒక మాట వచ్చి పడింది. ఒకసారి, ఆ పరుపు మీదే నేనూ పడుకుంటున్నాగా, నాకేం లేదే అన్నారు. ఇంకోసారి, నలభై దాటాక ఒళ్ళు నొప్పులు రాకపోతే ఆశ్చర్యపోవాలి అన్నారు. ఆయన నాకంటే పెద్ద. ఆయనకి నలభై ఎప్పుడు దాటిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, నాకు దాటడం మాత్రం అందరికీ తెలుసు. ఒక పండక్కి చుట్టాలొచ్చి భోజనాలు చేస్తుంటే, గిన్నె దించబోయి నేను ఒక్క క్షణం గోడ పట్టుకున్నాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మా ఆవిడ పని చెయ్యలేక పరుపు మీద పెడుతుంది" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. వచ్చినవాళ్ళు కూర్చుంటారు, నేను నిలబడి ఫ్రేములు తీసి చూపిస్తాను, వంగి చెవుల వెనక సరిచేస్తాను, కింది అరలోంచి పెట్టెలు లాగుతాను. కౌంటరు వెనక ఒక స్టూలు వేయించమని ఓనరుని అడిగాను. నువ్వు కూర్చుంటే షాపు కట్టేశారనుకుని జనం వెళ్ళిపోతారమ్మా అన్నాడు, తన చక్రాల కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ. ఇంటికెళ్ళి నడుం వాల్చుదామంటే ఆ గుంట. నిలబడితే షాపు, పడుకుంటే పరుపు. మధ్యలో వంటిల్లు.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన్ని రమ్మన్నది నేనే, అదే నా తెలివితక్కువ. డాక్టరు నన్ను వంగమన్నాడు, కాళ్ళు ఎత్తమన్నాడు, ఎముకలకేం లేదన్నాడు. పొద్దున లేవగానే ఎక్కువా, సాయంత్రం ఎక్కువా అని అడిగాడు. పొద్దున్నే అన్నాను. పరుపు ఎలాంటిది, పాతదా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆయన అందుకున్నారు. "పరుపు బాగానే ఉంది డాక్టరుగారూ, ఇద్దరం దాని మీదే కదా పడుకునేది. ఈవిడ కొంచెం ఎక్కువ ఆలోచిస్తుంది." డాక్టరు నా వైపు చూడకుండా తలూపి, మాత్రలు రాసి, కాస్త బరువు తగ్గండి అన్నాడు. నా నడుం గురించి ఇద్దరు మగాళ్ళు మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చారు. బల్ల మీద కూర్చున్నది మాత్రం నేను.

ఇంటికొచ్చాం. మెట్లెక్కుతుంటే అన్నాను, ఈ వారం మీరు నా వైపు పడుకోండి అని. అంతేనా, దానికేం భాగ్యం అన్నారు. నన్ను ఓడించడానికి ఇంత తేలిక దారి దొరికినందుకు ఆయనకి సంతోషమే అయ్యింది. పరుపుదేం తప్పు లేదని నీకే తెలిసొస్తుందిలే అని కూడా అన్నారు.

మొదటి పొద్దున మెడ తిప్పలేకపోయారు, చల్లగాలి కొట్టింది అన్నారు. మర్నాడు మంచం మీద నుంచి పిలిచారు. వెళ్ళేసరికి సగం లేచి, సగం పడుకుని, బీరువా పిడి కోసం చెయ్యి చాచి ఉన్నారు. ఇల్లంతా కదిలిపోయింది. అత్తయ్య రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోయమన్నారు. నేనే పోశాను. పాప మందు రాసింది. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, సోఫాలో దిండ్లు ఆనించుకుని కూర్చుని, ఫోనులో పరుపులు చూడడం మొదలుపెట్టారు. నేను మాత్ర మింగి దుకాణానికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి కొత్త పరుపుకి ఆర్డరు వెళ్ళిపోయింది.

"ఆ పరుపు మీద మనిషన్నవాడు పడుకోలేడు" అన్నారు నాతో, నాకేదో కొత్త సంగతి చెప్తున్నట్టు.

నేను చెప్పుల స్టాండు దగ్గరే నిలబడిపోయాను. నాకొస్తే వయసు, ఆయనకొస్తే పరుపు. నా నొప్పికి సాక్ష్యం చెప్పడానికి నా ఒళ్ళు సరిపోలేదు, ఆయన ఒళ్ళు కావాల్సొచ్చింది. ఇన్నేళ్ళు నేను అబద్ధం చెప్పానని అనుకున్నారా, లేక నిజమే చెప్పాను గానీ అది పట్టించుకోవాల్సినంత నిజం కాదనుకున్నారా? ఏది ఎక్కువ అవమానమో తేల్చుకోలేకపోయాను. అయినా చేతులు కడుక్కుని బియ్యం కడిగాను. ఆ రోజు నా మీద నాకే వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

కొత్త పరుపు ఆదివారం వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకొచ్చి, పాతదాన్ని గోడకి నిలబెట్టి, ఈ పాతది ఎక్కడ పెట్టమంటారని అడిగారు.

"పాప గదిలో వెయ్యండి. చాపంత పల్చటి పరుపు మీద పడుకుంటోంది, దీని మీదైతే బాగుంటుంది" అన్నారాయన. మనిషన్నవాడు పడుకోలేడన్న నోటితోనే.

పాప తలుపు దగ్గర నిలబడి ఉంది. పదో తరగతి పిల్ల. ఆ గుంట వైపు చూసి, నా వైపు చూసింది. ఏం అనలేదు. అనకూడదని అప్పుడే నేర్చుకుంది, నన్ను చూసే నేర్చుకుంది. నా ఒళ్ళు భగ్గుమంది. వద్దు అనబోతుండగా వెనక నుంచి అత్తయ్య మాట వినిపించింది.

"వద్దురా. ఆ గుంట నాది."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ కర్ర ఊతంతో వచ్చి, వేలితో ఆ కుంగిన చోటు తాకారు. నేనూ తలుపు వైపే పడుకునేదాన్ని, మీ నాన్నతో చెప్తే వయసన్నారు, అప్పటికి నాకు ముప్పై కూడా లేవు అన్నారు. కోడలికి చెప్పి ఉండాల్సింది, నాకు తప్పింది కదా అని ఊరుకున్నాను అన్నారు. ఆవిడ నా మొహం చూడలేదు. క్షమించేశానని చెప్పను. ఆవిడకి ఆ నొప్పి ఎలా ఉంటుందో తెలిసే, నడుం నొప్పి లేని ఆడదెవరే అని ఇన్నాళ్ళూ నా నోరు మూయించారు. కానీ ఆ రోజు ఆ మాట ఆవిడ అనకపోతే నేనొక్కదాన్నే అరిచి ఉండేదాన్ని, మళ్ళీ అందరూ నవ్వి ఉండేవాళ్ళు.

"కిందికి దించెయ్యండి. ఈ ఇంట్లో ఎవరికీ వద్దు" అని వచ్చినవాళ్ళతో చెప్పాను. పారేసే బదులు ఎవరికైనా ఇస్తే పనికొస్తుంది కదా అని ఆయన గొణిగారు. ఎవరికి అని అడిగాను. పరుపు మెట్ల మలుపులో గోడని రాసుకుంటూ దిగిపోయింది.

మర్నాడు పొద్దున మెలకువ వచ్చింది. అలవాటుగా చెయ్యి బీరువా పిడి వైపు వెళ్ళింది. ఆగాను. నడుం ఎక్కడుందో తెలియడం లేదు. భుజాలు, మెడ, మోకాళ్ళు ఒక్కొక్కదాన్నే అడిగి చూశాను. ఏదీ పలకలేదు. నొప్పి లేని ఒళ్ళు ఇంత తేలికగా ఉంటుందని మర్చిపోయాను. వెంటనే ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. పోయిన ఉదయాలన్నీ ఎవరిస్తారు నాకు? వంటింట్లోకి పరిగెత్తడానికి ఇప్పుడు నా కాళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆ తేలికంతా తీసుకెళ్ళి మళ్ళీ ఆ పొయ్యిలోనే పోయాలా?

కళ్ళు మూసుకున్నాను. అవతల అత్తయ్య కర్ర చప్పుడు, పాప బాత్రూము తలుపు వినిపిస్తున్నాయి. ఆయన లేచి హాల్లోకి వెళ్ళారు, వంటింట్లో తొంగి చూసినట్టున్నారు, మళ్ళీ వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. పొయ్యి వెలిగించలేదేం, డబ్బాలు కట్టలేదేం, ఇంకా నొప్పిగానే ఉందా అని అడిగారు.

లేదు, ఎక్కడా నొప్పి లేదు అన్నాను.

"మరి లేవవేం?"

దుప్పటి భుజాల దాకా లాక్కున్నాను.

"నొప్పితో లేచినన్నాళ్ళు, ఎందుకు లేస్తున్నావని ఒక్కసారీ అడగలేదు మీరు."