మొదటి రింగుకే

ఎనిమిదీ పదికి రావలసిన ఫోను రాలేదు. వెల్మా టీగ్ హెడ్‌సెట్ సర్దుకుని, కొత్త ఫారం మీద తేదీ వేసి, మరొకరి ఫిర్యాదు అందుకుంది.

రాష్ట్ర రాజధాని టొపీకాలోని వినియోగదారుల కార్యాలయంలో ఆమెకిది ఇరవై రెండో ఏడు. పొట్టి మనిషి. ఎడమ మోకాలికి పట్టీ. రెండు వేళ్లతోనే టైపు కొట్టినా తప్పు పోదు. యంత్రాలు చేసే దొంగ ఫోన్ల మీద ఫిర్యాదులన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. ఏ నంబరు, ఎన్ని గంటలకు, ఏం అమ్మజూపింది, ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. రోజంతా అవే వినీ వినీ, ఇంటికి వెళ్లాక సొంత అక్క ఫోను చేసినా మూడోసారికి గానీ ఎత్తదు.

ఎనిమిదీ పదికి ఫోను చేసేది హార్లన్ వాస్. గూడ్సు బళ్ల మీద పనిచేసి రిటైరైన ఎనభై ఏళ్ల మనిషి. పద్నాలుగు నెలలుగా ఒక్క పనిదినం తప్పలేదు. ముందురోజు వచ్చిన దొంగ ఫోన్లన్నీ రాసుకుని చదివేవాడు.

“కారు గ్యారంటీ అయిపోయిందంటుందమ్మాయ్. నాకు కారే లేదే అంటే వినదు. దాని సోది దానిదే. మా బావమరిదీ ఇంతే.”

వెల్మా నవ్వేది కాదు. ఫారంలో ‘కారు లేదు’ అని రాసేటప్పుడు మాత్రం పెదవి బిగబట్టేది. ఈరోజు మంచు కురుస్తోంది, లైను పోయిందేమో అనుకుంది.

పదిన్నరకు శాసనసభ భవనానికి వెళ్లింది. అలాంటి ఫోన్లను అరికట్టే బిల్లు కమిటీ ముందుకొచ్చింది: దొంగ నంబరు చూపిస్తే ఫోనుకింత అని జరిమానా, అందుకున్నవాడే కోర్టుకెక్కే హక్కు. పై అధికారికి జ్వరం రావడంతో ఫిర్యాదుల కట్ట వెల్మా చేతిలో పడింది. ఆమె ఏనాడూ నలుగురిలో మాట్లాడి ఎరగదు. తల వంచుకుని హార్లన్ జాబితా చదివింది. ఒక్క వారంలో అరవై మూడు ఫోన్లు.

“ఎత్తకుండా ఊరుకుంటే పోయేదానికి చట్టమెందుకమ్మా?” అన్నాడు ఒక సెనేటరు.

వెల్మా కాగితం పక్కన పెట్టింది. “ఆయన భార్య ఐలీన్ వృద్ధాశ్రమంలో మంచాన ఉందండి. అక్కడ పదకొండు ఫోన్లున్నాయి. ఎప్పుడు ఏ నంబరు నుంచి కబురొస్తుందో తెలీదు. అందుకని అన్నీ ఎత్తుతాడు. స్నానంలోంచి పరిగెత్తుకొచ్చి రెండుసార్లు జారిపడ్డాడు.”

ఓట్లు తీసుకున్నారు. ఏడుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. బిల్లు సభకు వెళ్లింది.

వెల్మా తిరిగొచ్చి కోడిగుడ్డు శాండ్‌విచ్ సగం తిని, ఆ సంగతి చెబుదామని మొదటిసారి తానే ఆయన నంబరు కొట్టింది. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. మిగతా సగం ఆమెకు సయించలేదు.

మూడింటికి కౌంటరు దగ్గరికి చంకలో గుడ్డసంచితో ఒక సన్నటి ముసలాయన వచ్చాడు. నోరు విప్పితే గానీ ఆమె పోల్చుకోలేదు.

“నువ్వేనా వెల్మావి? గొంతు విని పొడుగు మనిషివనుకున్నాను.”

“వాస్ గారూ, పొద్దున ఫోను చేయలేదేం?”

“నిన్న సాయంత్రం ఐలీన్ పోయిందమ్మాయ్. రమ్మని కబురొచ్చింది. మొదటి రింగుకే ఎత్తాను. వెళ్లేసరికి ఇంకా ప్రాణముంది. చెయ్యి పట్టుకునే ఉన్నాను.”

వెల్మా హెడ్‌సెట్ తీసేసింది. “బిల్లు కమిటీ దాటిందండి,” అంది.

“మంచిది. ఇంకా ఎదురుచూసేవాళ్లుంటారుగా.”

ఆయన సంచిలోంచి ఫోను తీసి కౌంటరు మీద పెట్టాడు. “పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంటే పీకేశాను. ఇక ఎత్తాల్సిన పని లేదు. సాక్ష్యానికి పనికొస్తే ఉంచుకో.”

టోపీ పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

బూడిదరంగు ఫోను, చుట్టూ దాని తీగ. రింగు శబ్దం పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పి, మళ్లీ తగ్గకుండా అంటించిన టేపు అంచులు మాసి నల్లబడ్డాయి.