నల్లపెట్ట రెక్కలో తెల్ల ఈక

పెట్టమ్మ కోడిపెట్టను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పాత టూత్‌బ్రష్‌తో దాని గోళ్ల సందుల్లోని మురికి తోముతోంది. వంటింటి వెనక చప్టా మీద రెండు టబ్బులు, ఒకదానిలో సబ్బునీళ్లు, ఇంకోదానిలో మంచినీళ్లు. స్నానం అయిపోయింది. హెయిర్ డ్రయ్యరు వేడికి నల్లటి ఈకలు విడివడి, బొద్దుగా ఉబ్బి, పొద్దుటి వెలుగులో పచ్చగా నిగనిగలాడుతున్నాయి. పెట్ట సగం కళ్లు మూసుకుని రాణీగారిలా కూర్చుంది.

"మొన్న నాకు జలుబు చేసి వేడినీళ్లు పెట్టమంటే విననట్టు పోయావు," అన్నాడు ఆమె మొగుడు, టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి. బడిపిల్లల వ్యాను నడుపుతాడతను. "దీనికి మాత్రం హెయిర్ డ్రయ్యరు!"

"నువ్వూ ఇట్లా నోరు మూసుకుని కూర్చో, నీకూ పడతా."

"నన్నూ బోనులో పెట్టి పోటీకి తీసుకెళ్తావా?"

"తీసుకెళ్దును. చూసేవాళ్లు ఉండొద్దూ!"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. పెట్ట ఎడమ రెక్క విప్పి చూస్తోంది. లోపలి వరసలో ఆ తెల్ల ఈక అలాగే ఉంది. పాత ఈకలు రాలి కొత్తవి మొలిచినప్పుడు ఎక్కణ్నుంచి దాపురించిందో! కోళ్ల అందాల పోటీలో నల్లజాతి పెట్టకు తెల్ల ఈక ఉంటే మార్కులు తగ్గిస్తారు. పీకితే ఏకంగా పోటీలోంచే తీసేస్తారు, మోసం కింద లెక్క. పీకాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. తగ్గితే తగ్గనీ అనుకుంది. కానీ నోరు ఊరుకోదు కదా.

"ఈ ఒక్కటి లేకపోతే నా తల్లికి తిరుగుండేది కాదు," అని గొణిగింది.

పోటీ ఆ రోజే అయినా, లాండ్రీలో ఆమెకు మధ్యాహ్నం నుంచి ఒక పూటే సెలవు దొరికింది. పెట్టను పోటీ జరిగే హాలుకు చేర్చే పని మొగుడి మీద పెట్టి, బోను మూత ఎలా తియ్యాలో, నీళ్ల గిన్నె ఎక్కడ తగిలించాలో చెప్పిందే చెప్పి, బస్సెక్కింది.

లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి దిండు గలీబులు, డబ్బున్న ఇళ్ల తువాళ్లు ఆ లాండ్రీకి గుట్టలుగా వస్తాయి. ఆవిరికి గోడలు చెమట కారుస్తుంటాయి. పెట్టమ్మ వయసంతా ఆ ఇస్త్రీ బల్ల దగ్గరే కరిగింది. సూపర్‌వైజరు ఆమెను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఏయ్, మూడో టేబులూ!" అంటాడు. మడత నలగని దుప్పటి మీద హాయిగా నిద్రపోయేవాడికి దాన్ని ఉతికిందెవరో, మడిచిందెవరో ఎందుకు? ఎవరూ అడగరు. ఏడాదికొకసారి, ఆ కోళ్ల పోటీలో మాత్రం, బోనుకు కట్టిన అట్టముక్క మీద ఆమె పూర్తి పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. జనం వంగి చదువుతారు. "ఎవరిదిది? ఎంత బాగుంది!" అంటారు. ఆ ఒక్క మాట కోసం ఆమె మిగతా ఏడాదంతా ఆవిరిలో ఉడుకుతుంది.

మధ్యాహ్నం హాల్లో అడుగుపెట్టేసరికి ఆ అట్టముక్క మీద ఎర్ర చీటీ అతికించి ఉంది. 'అనర్హం. ఈక పీకినందుకు.'

ఎవరో చెంప పగలగొట్టినట్టయింది. జనాన్ని తోసుకుని వెళ్లింది. జడ్జి పెట్ట రెక్క పట్టుకుని పక్కనున్న, పోటీ నడిపే కోళ్ల సంఘం అధ్యక్షుడికి చూపిస్తున్నాడు. ఈక ఉండాల్సిన చోట చిన్న గుంట, అంచున ఆరిన నెత్తురు చుక్క.

"నేను పీకలేదు సార్. పొద్దున కూడా ఉంది. నా కళ్లతో చూశా."

"చూశావు కాబట్టే పీకావు," అన్నాడు అధ్యక్షుడు. ఊళ్లో పెద్ద సిమెంటు కొట్టు ఆయనది. చుట్టూ నలుగురు నవ్వారు. "ఏంటమ్మా ఇది? సంఘానికి ఒక పరువుంది కదా!"

పరువు! ప్రతి ఏడూ ఈ హాలు కర్టెన్లు ఉతికింది ఎవరు? బోనుల కింద పరిచే గుడ్డలు మోసుకెళ్లి, ఉడకబెట్టి, మడతలు పెట్టి తెచ్చింది ఎవరు? అప్పుడు ఆమె చేతుల మీద ఎవరికీ అనుమానం రాలేదేం? గిరుక్కున తిరిగి మొగుణ్ని వెతుక్కుంటూ వెళ్లింది.

అతను వెనక వరండాలో బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. తెల్లటి చేతిరుమాలుతో మొహం తుడిచిందే తుడుస్తున్నాడు. ఆ మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"నువ్వేనా?"

"నువ్వే అన్నావుగా, ఆ ఒక్కటీ లేకపోతే తిరుగుండదని. చిన్నదే కదా అని... వ్యానులోనే లాగేశా. అది కూడా పెద్దగా అరవలేదు."

"ఇన్నేళ్లలో దానికి గుప్పెడు గింజలు వేసిన మొహమా నీది? ఇవాళే పుట్టుకొచ్చిందా ప్రేమ?"

"నువ్వన్నావని..."

"నేను రోజుకు వంద అంటా! ఎప్పుడైనా విన్నావా? కరెక్టుగా ఇదే వినాలా?"

అతను లేచి, తిన్నగా అధ్యక్షుడి దగ్గరికి నడిచాడు. "అయ్యా, పీకింది నేను. ఆవిడకు తెలీదు. ఆవిడ పేరు మీద ఆ మాట రాయొద్దు," అన్నాడు, అందరిముందూ.

"ఎవరు పీకినా పీకిందే. రూలంటే రూలే," అని అధ్యక్షుడు మైకు వైపు వెళ్లిపోయాడు. కప్పు ఆయన నల్లపుంజుకే వచ్చినట్టు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. తర్వాత అందరూ కబుర్లాడుకుంటూ వెనకగదిలోకి భోజనాలకు పోయారు.

పెట్టమ్మకు కోపం చల్లారలేదు కానీ, ఆ మాట మాత్రం కాదనలేకపోయింది. నిజమే, రూలంటే రూలే. ఆ రూలు తెలిసిన మనిషే ఆమె. మొగుణ్ని తిట్టడానికి జీవితమంతా ఉంది.

అప్పుడు చూసింది ఆ పుంజును. నల్లగా ఉంది, కానీ ఆ నలుపులో పచ్చ మెరుపు లేదు. చెప్పులకు పాలిష్ వేసినట్టు చచ్చు నలుపు. పోటీ దగ్గరపడ్డప్పుడల్లా అధ్యక్షుడి ఇంటి తువాళ్లు నల్ల మరకలతో లాండ్రీకి వచ్చేవి. తలకు రంగు వేసుకుంటాడు కాబోలనుకుని, వేళ్లు అరిగేలా రుద్ది వదిలించేది. ఇన్నేళ్లూ ఆ తల చూస్తూ కూడా అలాగే అనుకుంది! నుదుటి నుంచి మెడ దాకా ఒక్క వెంట్రుక లేని గుండు అది.

"ఆ చేతిరుమాలు ఇటివ్వు," అంది మొగుడితో.

"ఎందుకే?"

"ఇవ్వమన్నానా!"

నీళ్ల గిన్నెలో తడిపి, పిండి, బోను కడ్డీల మధ్యనుంచి చెయ్యి పెట్టింది. పుంజు మెడ మీద ఇస్త్రీ పెట్టినంత నిదానంగా ఒక్కసారి రాసింది. చెయ్యి బయటికి తీసి చూసింది. మొగుడు నోరు తెరిచాడు.

"ఉండు, అందర్నీ పిలుస్తా! ఇప్పుడే, ఇక్కడే..."

"నువ్వు ఇవాళ చేసిన సాయం చాలు. నోరు మూసుకుని మన బోను పట్టుకో."

సాయంత్రం దాకా ఎవరూ కోడిని హాలు దాటించకూడదు. దాటిస్తే సంఘంలోంచి పేరు కొట్టేస్తారు. అదీ రూలే. మొగుడు గుర్తుచేశాడు.

"వాళ్లు కొట్టేసేదేంటి? నేనే పోతున్నా," అంది పెట్టమ్మ. తన పేరున్న అట్టముక్కను ఎర్ర చీటీతో సహా పీకి సంచిలో వేసుకుంది. పెట్టను చంకలో పెట్టుకుంది. అది ఆమె మోచేతి వంపులో తల దూర్చి వెచ్చగా ఒదిగింది. ఇద్దరూ ఎండలోకి నడిచారు. వ్యాను స్టార్టయిన చప్పుడు వెనకగదిలోని నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు.

హాల్లో జడ్జి బల్ల మీద, కప్పు పక్కనే, నాలుగు మూలలూ సరిచేసి పరిచిన చేతిరుమాలు మెల్లగా ఆరుతోంది. దాని నడిమధ్యన అరచేతి వెడల్పున ఒక నల్లటి మరక.