నూటపన్నెండు మంది బాగుందన్నారు

1993 నవంబరు 12, శుక్రవారం. ఆ మధ్యాహ్నం మేం ఐదుగురం, ఇంగ్లీషు శాఖ అధ్యాపకులం, సోయా మొలకల పులుసన్నం తిన్నాం. నాకు పొద్దుటి నుంచీ కడుపులో బాగాలేదు. కాస్త జావ చెప్పుకుందామనుకున్నాను. కానీ మా శాఖ పెద్ద ఆచార్య మెంగ్ గారు కూర్చుంటూనే "నాకు మొలకలన్నం" అన్నారు. పక్కనున్న గిల్ "నాకూ అదే" అన్నాడు. ఆ పక్క ఇద్దరూ "అదే, అదే" అన్నారు. నా వంతు వచ్చేలోపే వడ్డించే ఆవిడ వంటింటివైపు తిరిగి "ఐదు మొలకలన్నం!" అని కేకేసింది. నా ముఖం చూసిందేమో, నా గిన్నెలో మాత్రం కారం వెయ్యకుండా తెచ్చింది. భార్య పోయిన దగ్గర్నుంచి నేను ఇలాంటి వాటిని మరిచిపోను.

దక్షిణ కొరియాలోని జోంజు నగరంలో మా విశ్వవిద్యాలయం పక్క సందులో ఉంది ఆ హోటలు. మేం అక్కడికి వెళ్ళింది తిండికొక్కటే కాదు. వచ్చే మార్చిలో ఇంగ్లీషు శాఖలో చేరే పిల్లలు ఏ నిఘంటువు కొనాలో ఆ రోజు తేల్చాలి. ఇరవై ఏళ్ళుగా వాళ్ళు కొంటున్నది మెంగ్ గారు స్వయంగా కూర్చినది. ఇంగ్లీషు మాట పక్కన కొరియన్ అర్థాలు వరుసగా ఐదో ఆరో ఉంటాయి. ఏది ఎక్కడ వాడాలో చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదు. ఆ మధ్య కొత్తగా వచ్చిన ఇంకొక దానిలో ప్రతి అర్థానికీ తేలిక వాక్యం ఉంది.

రెండింటినీ పరీక్ష పెట్టి చూడమని వసంతకాలంలో ఓక్ మ్యోంగ్‌హీకి చెప్పింది నేనే. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని. ఆరేళ్ళుగా మా దగ్గర గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. ప్రతి సెమిస్టరుకీ ఆమెను ఉంచాలో వద్దో మెంగ్ గారు నిర్ణయిస్తారు.

"మెంగ్ గారికి కోపం రాదా మాస్టారూ?" అంది.

"నిజం తేలితే కోపమెందుకమ్మా?"

"మీరు మంచివారు. అందుకే అడుగుతున్నాను, రాదా అని."

నేను ఆలోచించి ఒక ఉపాయం చెప్పాను. పరీక్ష చివర ఒక ప్రశ్న చేర్చమన్నాను: మన శాఖ నిఘంటువు మీకెలా ఉంది?

"అదెందుకు? ఏం రాస్తారో మీకు తెలీదా?"

"మర్యాదకి. పెద్దాయన పరువు నిలబడుతుంది. పేరు రాయొద్దని అచ్చు వేయించు."

 నా మాట కాదనలేక, ఆమె ఆ ప్రశ్న రాసుకుంది.

నూట ఇరవై మంది రాశారు. సగం మందికి ఒక నిఘంటువు, మిగతా సగానికి రెండోది. ఇరవై మాటలిచ్చి, నిఘంటువు చూసి వాక్యాలు రాయమంది, చివర అమ్మ గురించి చిన్న వ్యాసం కూడా. కొత్తది చూసినవాళ్ళు సగటున పద్నాలుగు సరిగ్గా రాశారు. మాది చూసినవాళ్ళు ఏడు. ఒక కుర్రాడు వాళ్ళమ్మను ఆకాశానికెత్తుతూ వ్యాసమంతా రాసి, చివర ఆమె పచ్చి పిసినారి అని ముగించాడు. మా నిఘంటువులో ఆ ఇంగ్లీషు మాటకి మొదటి అర్థం పొదుపరి.

"ఇది వాళ్ళమ్మ చూడకపోతే బాగుండు" అంది ఓక్, నవ్వు ఆపుకోలేక. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. ఈ నివేదిక ఒప్పుకుంటే కనీసం రెండేళ్ళు స్థిరంగా ఉండే కొలువు అడగవచ్చని ఆమె ఆశ.

మర్యాద ప్రశ్నకి నూటపన్నెండు మంది 'చాలా బాగుంది' అని రాశారు. పేరు రాయొద్దన్న కాగితం మీద కూడా, అలవాటు కొద్దీ, దాదాపు అందరూ పైన తమ నంబరు వేసి మరీ ఇచ్చారు.

హోటల్లో గిన్నెలు సగమయ్యాక మెంగ్ గారు నివేదిక తీశారు. ముందున్న పేజీలన్నీ తిప్పేసి చివరిది పైకి పెట్టారు.

"ఓక్ టీచరమ్మ చాలా కష్టపడింది పాపం. ఇదుగో, నూట ఇరవైలో నూటపన్నెండు. నేనడగలేదు, ఆవిడే అడిగింది. పైగా పిల్లలు నంబర్లు వేసి మరీ చెప్పారు. దాచుకోలేదు."

"ముందు పేజీల్లో వాక్యాల లెక్క ఏదో ఉందనుకుంటాను..." అన్నాడు గిల్, చెంచా వంక చూస్తూ.

"ఉంది. తప్పులు రాశారు. రాయరా మరి? ఆ క్లాసులకి పాఠం చెప్పేదెవరు? ఆవిడే కదా!"

గిల్ నవ్వాడు. పక్కవాళ్ళిద్దరూ నవ్వారు.

"నాదేముంది, నేను పెద్దవాణ్ని, ఇవాళో రేపో పోయేవాణ్ని. మీరు చెప్పండి" అన్నారు మెంగ్.

"మీది ఉండగా ఇంకొకటెందుకండీ?"

"అంతే."

"నేనూ అంతే."

ఆయన బియ్యపు కల్లు కూజా ఎత్తి నా ముందున్న తాగే గిన్నె నింపారు. "ఏమోయ్ తాక్, నువ్వేమంటావు?"

కాలేజీలో ఆయన నాకంటే మూడేళ్ళు ముందు. నా భార్య పోయినప్పుడు అంత్యక్రియల మూడు రోజులూ నా పక్కనే ఉన్నారు. పరామర్శకి వచ్చినవాళ్ళ చెప్పులు గుమ్మం దగ్గర వంగి వంగి ఆయనే సర్దారు. అంత పెద్ద ఆచార్యుడు! ఆ వంగిన వీపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

ఆ ప్రశ్న చేర్చమన్నది నేనండీ. అది మర్యాద ప్రశ్న, దానికి విలువ లేదు. నేను అనవలసింది ఇంతే. రెండు చేతులతో గిన్నె అందుకున్నాను. పెద్దల ఎదుట తాగేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకోవాలి కదా, గోడవైపు తిప్పుకుని తాగాను. గోడవైపు ఉండగానే అన్నాను:

"నాకూ అదే."

డిసెంబరు రెండో వారంలో వసంత సెమిస్టరు పాఠాల పట్టిక గోడకి అంటించారు. అందులో ఓక్ పేరు లేదు. ఆమెకి ముందుగా ఎవరూ చెప్పలేదు. అందరితో పాటు నిలబడి చదువుకుంది. "గంటలు తగ్గాయి, ఏం చేస్తాం" అన్నారట మెంగ్ గారు.

ఆ సాయంత్రం గంటల టీచర్ల గదికి వెళ్ళాను. ఆ గదిలో పదకొండు మందికి నాలుగు బల్లలు. ఆమె పరీక్ష కాగితాలు కట్టగట్టి తాడు ముడివేస్తోంది. నన్ను చూసి లేచి, పొయ్యి మీదున్న బార్లీ నీళ్ళు కప్పులో పోసి ఇచ్చింది.

"కూర్చోండి మాస్టారూ. కాళ్ళు చల్లబడి ఉంటాయి, పొయ్యి దగ్గరికి జరగండి."

కూర్చున్నాను. కప్పు వేడి చేతులకి తగులుతోంది.

"ఒకటి అడుగుతాను. ఆ రోజు మీరేమన్నారు?"

"అదే అన్నాను."

"అదే అంటే?"

"అందరూ అన్నదే."

ఆమె ముడి బిగించి, తాడు కొస కత్తిరించింది.

"అలాగా. నూట ఇరవై మందే రాశారనుకున్నాను. ఇంకో ఐదుగురు కూడా రాశారన్నమాట."

"నేను మెంగ్ గారి దగ్గరికి వెళ్ళి మాట్లాడతాను" అన్నాను.

"ఇప్పుడా?" అంది. అందులో కోపం లేదు. ఊరు దాటిపోయిన బస్సు గురించి అడిగినట్టు అడిగింది.

"పోనీ ఆ కట్ట నాకివ్వమ్మా. ఎప్పటికైనా..."

ఇవ్వడానికే అన్నట్టు కట్ట ఎత్తింది. నా చాచిన చేతుల వంక కాసేపు చూసి, దాన్ని తన సంచిలో పెట్టుకుంది.

"వద్దు లెండి. మీకు బరువవుతుంది."

మార్చిలో నూట ముప్ఫై మంది కొత్త పిల్లలు వస్తారు. అమ్మల గురించి వ్యాసాలు రాస్తారు. ఈసారి వాటిని చూసి నవ్వడానికైనా ఆ గదిలో ఎవరూ ఉండరు.

ఆమె పొయ్యి ఆర్పింది. నా కప్పు కడిగి బోర్లించింది. "మెట్ల మీద మంచు గడ్డకట్టింది, గోడ పట్టుకుని దిగండి" అని నన్ను ముందు బయటికి పంపి లైటు ఆర్పింది. పక్క గదిలో సాయంకాలం క్లాసు నడుస్తోంది. వాళ్ళకి చప్పుడు వినిపించకుండా పిడి తిప్పి పట్టుకుని, మెల్లగా తలుపు మూసింది.